నులకమంచం పక్కన బడి

ముప్పయ్యారేళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పాను. అందులో పధ్నాలుగేళ్ళు హెడ్మాస్టరుగా చేశాను. నా పదవీ విరమణ సభలో అందరూ నా చేతికింద చదివి పైకొచ్చిన పిల్లల గురించి మాట్లాడారు. నా మనసు మాత్రం నా చేతికింద నుంచి లేచి వెళ్ళిపోయిన ఇద్దరు పిల్లల చుట్టూ తిరుగుతూ ఉండిపోయింది. కొత్తగా ఉద్యోగాల్లో చేరి, మీ అనుభవం ఏదైనా చెప్పండి సార్ అని అడుగుతున్న మీకు వాళ్ళ సంగతే చెబుతాను. ఇందులో నేను గర్వంగా చెప్పుకునేది కొంత ఉంది. దానికి ముందు నేను చేసిన తప్పులు రెండున్నాయి. తప్పులతోనే మొదలుపెడతాను, జరిగింది ఆ వరసలోనే కాబట్టి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నాకు గుంటూరుకు బస్సులో గంటన్నర దూరంలో ఉన్న ఒక ఊరికి బదిలీ అయింది. ఏడో తరగతి వరకూ ఉన్న బడి. ఊరికి నాలుగువైపులా మిరప, పత్తి. కోతలు మొదలైతే కళ్ళాలన్నీ ఎర్రగా ఆరుతూ ఉండేవి. గాలి బడివైపు తిరిగిందంటే పిల్లలు ఎక్కాలు చెబుతూనే తుమ్మేవాళ్ళు. మొత్తం అయిదుగురం ఉపాధ్యాయులం. వాళ్ళలో ఇద్దరి గురించే మీకు తెలియాలి. ఒకాయన నాకన్నా వయసులో పెద్ద, రిజిస్టర్లలో ఉద్దండుడు. ఎలాంటి తనిఖీ వచ్చినా ఆయన కాగితాలు చూసి అధికారులు మెచ్చుకుని వెళ్ళాల్సిందే. రెండో ఆవిడ తెలుగు టీచరు. మనసులో ఉన్నది మొహం మీదే అనేసే మనిషి.

నాకు వేళ తప్పితే ఒళ్ళు మండేది. మొదటి గంట కొట్టాక వచ్చినవాళ్ళను జెండా కర్ర దగ్గర నిలబెట్టేవాణ్ణి. ఆరో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. లెక్కల్లో చురుకైన పిల్ల. కార్తీకం వెళ్ళాక వరసగా నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చింది. నాలుగో రోజు అందరి ముందూ అడిగాను.

"ఏమ్మా, రోజూ ఇదేనా? ఎందుకు ఆలస్యం?"

"మా నాయనమ్మ అన్నం తినలేదండి" అంది తల వంచుకుని.

"మీ నాయనమ్మకు అన్నం తినడం రాదు, నీకు గడియారం చూడటం రాదు. బాగానే ఉంది మీ ఇల్లు!" అన్నాను.

తరగతంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ పిల్ల మాత్రం జెండా కర్ర దగ్గరికి వెళ్ళి, మొదటి పీరియడ్ అయ్యేదాకా ఎండలో నిలబడింది. మర్నాడు రాలేదు. నాలుగో తరగతి చదివే ఆమె తమ్ముడూ రాలేదు. మూడో రోజు వాళ్ళమ్మ వచ్చింది. ముప్పై రెండు, ముప్పై మూడేళ్ళుంటాయి. పొలం నుంచి నేరుగా వచ్చినట్టుంది, కాళ్ళకు రేగడిమట్టి అంటుకుని ఉంది.

"పిల్లలిద్దరికీ టీసీలు ఇయ్యండి మాస్టారూ."

"ఏ బళ్ళో వేస్తున్నారమ్మా?"

"ఏ బళ్ళోనూ వెయ్యట్లేదండి. ఇంటికాడ నేనే చెప్పుకుంటా."

నాకు నవ్వొచ్చింది. "పొలం పని, ఇంటి పని, పెద్దావిడ పని. వీటి మధ్య చదువెక్కడ చెబుతావమ్మా?"

"ఆవిడ మంచం పక్కనే కూకుని చెబుతా. నాలుగు రోజులు ఎండలో నిలబడి మా పిల్ల మీ బళ్ళో ఏం నేర్చుకుంది? దానికన్నా ఎక్కువే నేర్పుతాలెండి."

నాకు కోపం వచ్చింది. కోపంలో మనిషి చేతిరాత ఎంత చక్కగా వస్తుందో! పది నిమిషాల్లో రెండు టీసీలు రాసి, సంతకం పెట్టి, ముద్ర కొట్టి చేతిలో పెట్టాను. అది నా మొదటి తప్పు.

సాయంత్రం తెలుగు టీచరు నా గదిలోకి వచ్చింది. "ఆ ఇంటి సంగతి తెలిసే ఇచ్చారా సార్?" అంది. తెలియదన్నాను. అప్పుడు చెప్పింది.

ఆ పెద్దావిడకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ఈ ఊళ్ళోనే వ్యవసాయం. రెండోవాడు మంగళగిరిలో చీరల కొట్లో పని. మూడోవాడు ఒంగోల్లో గ్రానైటు పలకల వ్యాపారం. మొగుడు పోయాక ఆవిడ నెలకొక కొడుకు ఇంట్లో వంతుల ప్రకారం ఉండేది. మొదట్లో బాగానే జరిగింది. రెండేళ్ళ కిందట ఆవిడకు మతిమరుపు మొదలైంది. ఇల్లు మారినప్పుడల్లా అది ఎక్కువయ్యేది. గది ఎటో, దొడ్డి ఎటో, పక్కన పడుకున్నది ఎవరో తెలిసేది కాదు. ఒకరోజు ఒంగోలులో తలుపు తీసుకుని వెళ్ళిపోయింది. మధ్యాహ్నానికి బస్టాండులో దొరికింది, కాళ్ళకు చెప్పుల్లేకుండా, మా ఊరి బస్సేది అని కనబడ్డవాళ్ళనల్లా అడుగుతూ. కబురు తెలిసి పెద్దకోడలు ఒంగోలు వెళ్ళి ఆవిడను ఇంటికి తీసుకొచ్చింది. మళ్ళీ ఎక్కడికీ పంపనంది. పొలానికి మొగుడు వెళ్తాడు, కోతలప్పుడు తనూ వెళ్ళాలి. ఆ వేళల్లో నాయనమ్మను కనిపెట్టుకుని ఉండేది ఈ ఇద్దరు పిల్లలే.

"ఆ కోడలు ఇంటర్ ఫస్టు క్లాసులో పాసయింది సార్. టీచర్ ట్రైనింగుకు పోవాలనుకుంది, పెళ్ళయింది" అని కూడా చెప్పి వెళ్ళింది తెలుగు టీచరు.

అప్పుడే వాళ్ళింటికి వెళ్ళి ఉండాల్సింది. వెళ్ళలేదు. హెడ్మాస్టరు అన్నవాడు గడప దిగి వెళ్ళి క్షమాపణ అడగడమేమిటి అనుకున్నాను.

వేసవి సెలవుల తర్వాత జిల్లా అంతా ఒక కార్యక్రమం నడిచింది. బడి ఈడు పిల్లలు ఒక్కరు కూడా బయట ఉండకూడదు. అందర్నీ చేర్పించిన ఊళ్ళో బడి గోడకు ఆ మాట రాసిన బోర్డు కడతారు, సభ పెట్టి మెచ్చుకుంటారు. మేం ఇల్లిల్లూ తిరిగాం. పశువుల వెంట వెళ్ళేవాళ్ళను, కూలికి వెళ్ళేవాళ్ళను తెచ్చి కూర్చోబెట్టాం. నిజంగానే కష్టపడ్డాం. చివరికి ఇద్దరే మిగిలారు. ఎవరో మీకు తెలుసు.

ఆ ఇంటికి నేను పంపింది రిజిస్టర్ల మాస్టారిని. ఆయన వెళ్ళి, గుమ్మంలోంచే తిరిగొచ్చాడు.

"ఆవిడ పంపదు సార్. పిల్లలు చదువుకుంటూనే ఉన్నారు కదా అంటోంది. దీనికింత ఆలోచన ఎందుకు? పేర్లు ఎక్కించేద్దాం. ఎలాగూ ఏదో ఒక రోజు వస్తారు."

ఆయన చెప్పాడు కానీ, కలం పట్టుకుంది నేను. అమ్మాయిని ఏడో తరగతిలో, పిల్లవాణ్ణి అయిదులో చేర్చినట్టు ప్రవేశాల రిజిస్టరులో నా చేత్తో రాశాను. హాజరుపట్టీలోనూ పేర్లెక్కాయి. అది రెండో తప్పు. మొదటిది కోపంలో చేశాను. ఇది తెలిసి, నింపాదిగా, మంచి సిరాతో చేశాను.

బోర్డు కట్టే ముందు చూసి వెళ్ళడానికి డివిజన్ నుంచి విద్యాధికారిణి వచ్చారు. శ్రావణం మొదట్లో ఒక బుధవారం. సన్నగా తుంపర పడుతోంది. ఆవిడ సంగతి అంతకుముందే విన్నాం. కాగితం కన్నా బెంచీని ఎక్కువ చూస్తుందని. వచ్చీ రాగానే ఏడో తరగతిలోకి వెళ్ళి, పట్టీ పట్టుకుని ఒక్కొక్క పేరూ పిలిచి, ఒక్కొక్క మొహమూ చూసింది. ఆ అమ్మాయి పేరు దగ్గర ఎవరూ పలకలేదు.

"జ్వరం మేడమ్" అన్నాడు రిజిస్టర్ల మాస్టారు.

అయిదో తరగతిలో తమ్ముడి పేరు దగ్గరా అదే జరిగింది.

"వాడికీ జ్వరమేనా?"

"ఒకే ఇల్లు మేడమ్. ఇద్దరికీ పట్టుకుంది."

ఆవిడ పట్టీ మూసింది. "అయ్యో పాపం. ఇల్లు దగ్గరేనా? చూసొద్దాం పదండి."

ఆ నడక మూడు వందల గజాలుంటుందేమో. నా సర్వీసులో అంత పొడవైన దారి ఇంకోటి లేదు.

ఇంటి ముందు రేకుల వసారా. అందులో నులకమంచం మీద పెద్దావిడ కూర్చుని ఉంది. తెల్లగా ఉతికిన చీర, నున్నగా దువ్విన తల. మంచానికి ఒక పక్క అమ్మాయి, ఇంకో పక్క పిల్లవాడు. గోడకు ఆనించిన పాత తలుపుచెక్క ఒకటి. దానికి బొగ్గుపొడి, గుంటగలగరాకు రసం కలిపి నల్లగా పూశారు. దాని మీద సుద్దతో భిన్నాల లెక్కలున్నాయి. పిల్లల తల్లి కిందే కూర్చుని పత్తి విత్తనాలు బాగుచేస్తూ పాఠం చెబుతోంది. మమ్మల్ని చూసి లేచింది.

అధికారిణి అడిగింది. "పిల్లలకు జ్వరమటగా అమ్మా?"

రిజిస్టర్ల మాస్టారు వెనక నుంచి కనుబొమలు ఎగరేస్తున్నాడు. తల్లి ఆయన్ను చూసింది, నన్ను చూసింది. ఒక్క మాటతో నన్ను కాపాడగలదు. కాపాడాల్సిన పని లేదు కూడా.

"జ్వరం లేదండి. మా పిల్లలు బడికి రావట్లేదు. కార్తీకం వెళ్ళగానే మానిపించా, టీసీలు కూడా తెచ్చుకున్నా."

అధికారిణి నావైపు తిరిగింది. ఏదో గుమాస్తా పొరపాటు అనో, ఎవరో రాశారనో అనడానికి నోరు తెరిచాను. ఆ అమ్మాయి నన్నే చూస్తోంది. జెండా కర్ర దగ్గర నిలబడ్డప్పుడు చూసిన చూపే.

"రాసింది నేనే మేడమ్" అన్నాను.

ఆవిడ ఇంకేదో అనబోతుంటే మంచం మీద నుంచి పెద్దావిడ గట్టిగా పిలిచింది.

"ఏమే, ఎప్పుడొచ్చావు? రా, ఇట్టా కూకో. కళ్ళంలో కాయలు తిరగేశావా లేదా? మబ్బు పట్టింది, తడిసి చస్తాయి!"

శ్రావణంలో కళ్ళంలో కాయలేవీ ఉండవు. అధికారిణి తెల్లబోయింది. అమ్మాయి అధికారిణి పక్కకు వచ్చి మెల్లగా చెప్పింది.

"మిమ్మల్ని మా చిన్ననాయనమ్మ అనుకుంటోంది మేడమ్. ఆవిడ చనిపోయింది. కాదనకండి, కాదంటే భయపడిపోద్ది. తిరగేశానని చెప్పండి చాలు."

అధికారిణి వెళ్ళి మంచం అంచున కూర్చుంది. "తిరగేశానక్కా. పట్టా కూడా కప్పొచ్చాను" అంది.

"బతికించావు" అని పెద్దావిడ ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి మళ్ళీ వదల్లేదు. తనిఖీ అంతా అలాగే, ఒక చెయ్యి పెద్దావిడకు ఇచ్చేసి, మంచం మీద కూర్చునే జరిగింది.

పిల్లవాణ్ణి పదమూడో ఎక్కం చెప్పమంది. వాడు మొదలుపెట్టాడు. పెద్దావిడ గొంతు కలిపింది! బడి మొహం చూడని మనిషి, రోజూ విని విని నోటికి పట్టేసుకుంది. పదమూడు ఏళ్ళ దగ్గర తప్పు చెబితే మనవడు, "తొంభై ఒకటి నాయనమ్మా" అని దిద్దాడు. అమ్మాయిని తెలుగు చదవమంటే తన నోటుపుస్తకం తీసింది. నాయనమ్మ మనసు తేటగా ఉన్న పూటల్లో చెప్పిన మాటలు అందులో రాసుకుంది. పూర్వం మిరపనారు ఎలా పోసేవాళ్ళో, సోలలూ మానికలతో ఎలా కొలిచేవాళ్ళో ఉన్నాయి. ఇంకో పేజీలో గళ్ళు గీసి ఉన్నాయి. నాయనమ్మ ఏ వేళకు అన్నం తిన్నది, ఏ వేళకు కంగారు పడింది, ఎంతసేపటికి కుదుటపడింది, నెల పొడుగునా చుక్కలు పెట్టి గీతలు కలిపింది. సాయంత్రం నాలుగయ్యేసరికి గీత పైకి లేస్తోంది.

"ఇదేంటమ్మా?"

"నాలుగింటికి కంగారు ఎక్కువవుద్దండి. అందుకని మూడున్నరకే పాఠం ఆపేసి ఆవిడతో పువ్వులు కట్టిస్తాం. అప్పట్నుంచి తగ్గింది, చూడండి."

నేను పాతికేళ్ళు రేఖాచిత్రాలు బోర్డు మీద గీయించినవాణ్ణి. పిల్లలెవరైనా ఒకదాన్ని బతుకులో పనికొచ్చేలా గీయడం అదే మొదటిసారి చూడటం.

అయితే ఆ అధికారిణి పొగిడి ఊరుకునే మనిషి కాదు. ఇంగ్లీషు చదివించింది, తడబడింది. సైన్సు అడిగింది, పుస్తకంలో మాట తప్ప చేతితో చేసింది ఒక్కటీ లేదు. చివరికి అమ్మాయిని అడిగింది.

"బడికి రావాలని ఉందా నీకు?"

పిల్ల తల్లివైపు చూసి, నేలచూపులు చూసింది. "ఉందండి. ఆడుకోడానికి ఎవరూ లేరు. కానీ నాయనమ్మ..."

తల్లి మొహం చూడలేకపోయాను. అంతవరకూ ఎవరికీ జంకకుండా నిలబడ్డ మనిషి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆ మాట నాకెప్పుడూ చెప్పలేదే నువ్వు" అంది.

"చెబితే నువ్వు బాధపడతావని" అంది పిల్ల.

వెళ్ళేముందు అధికారిణి నాతో రెండు మాటలే అంది. "మీ రిజిస్టరులో ఆ రెండు పేర్లు మీ చేత్తోనే కొట్టేసి సంతకం పెట్టండి. ఆ తర్వాత, నిజంగా ఎలా చేరతారో చూడండి."

బోర్డు రాలేదు. వారానికి మెమో వచ్చింది. నా సర్వీసంతటికీ అదొక్కటే. రిజిస్టర్ల మాస్టారు సంజాయిషీ చిత్తు రాసి తెచ్చాడు, పని ఒత్తిడిలో పొరపాటున అన్న మాటతో మొదలైంది. ఆయన మంచికే తెచ్చాడు. నేను వేరే కాగితం తీసుకుని జరిగింది జరిగినట్టు రాశాను. మందలింపుతో వదిలేశారు. మెమో అందుకున్న రోజు ఇంట్లో అన్నం సయించలేదు. ఇప్పుడు దాన్ని నా నియామకపు ఉత్తర్వు పక్కనే దాచుకున్నాను.

సంజాయిషీ పంపిన రోజే ఆ ఇంటికి వెళ్ళాను. తల్లితో కాదు, ముందు అమ్మాయితో మాట్లాడాను. "ఆ రోజు నిన్నట్లా అనకూడదమ్మా. తప్పు నాది" అన్నాను. ఆమె, "పర్లేదండి" అనలేదు. "ఇంకెవర్నీ అట్టా నిలబెట్టబాకండి" అంది. నిలబెట్టలేదు.

తల్లి నాకు మజ్జిగ ఇచ్చి చెప్పింది. "ఆదివారం మా మరుదులిద్దరూ వస్తున్నారు మాస్టారూ, అత్తయ్య విషయం తేల్చుకోడానికి. పెద్దమనిషిగా మీరూ రండి. నా పక్కన మాట్లాడమని కాదు. విని, సబబేదో అది చెప్పండి."

వెళ్ళాను. ముగ్గురు కొడుకులు, ముగ్గురు కోడళ్ళు, వసారాలో చాపలు. ఒంగోలు నుంచి వచ్చిన చిన్నకొడుకు గుంటూరు పక్కన కొత్తగా పెట్టిన వృద్ధాశ్రమం చూసొచ్చాడు. అతన్ని చెడ్డవాడనుకోకండి. తల్లి తన ఇంట్లోంచే తప్పిపోయిందన్న బాధ అతని మాటల్లో ఇంకా ఉంది.

"అక్కడ నర్సులుంటారు వదినా. వారానికోసారి డాక్టరొస్తాడు. గేటుకు మనిషి ఉంటాడు, బయటికి పోనియ్యరు. నీ పిల్లల చదువు పాడవట్లేదా? ఎన్నాళ్ళు ఇట్టా?"

అతను అడిగింది న్యాయమే. నేను కూడా లోపల అవుననుకున్నాను. పెద్దకోడలు నింపాదిగా జవాబిచ్చింది.

"అక్కడ బాగా చూడరని నేననను మరిదీ. కానీ అత్తయ్య రోజుకు నలభైసార్లు నా ఇల్లేదే అని అడుగుద్ది. ఇక్కడైతే ఇదే అత్తయ్యా అంటున్నా. అక్కడ వాళ్ళు ఏం చెబుతారు?"

ఆరోగ్య కేంద్రం డాక్టరు కూడా ఆవిడను చోటు మార్చొద్దనే చెప్పాడని పెద్దకొడుకు అన్నాడు. మరి పిల్లల చదువో? అక్కడే మాట ఆగిపోయింది. నాకు తెలిసింది లెక్కలే కాబట్టి లేచి ఆ నల్ల తలుపుచెక్క మీద ఏడు గళ్ళు గీశాను, వారానికి ఏడు రోజులని. కింద పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. ఎవరెవరు ఆవిడ దగ్గర ఉంటున్నారో అడిగి రాశాను. గళ్ళన్నిటిలోనూ మూడే పేర్లు వచ్చాయి. కోడలు, మనవరాలు, మనవడు. కన్న కొడుకులు ముగ్గురూ ఆ పట్టికను చాలాసేపు చూశారు.

"ఇన్నాళ్ళూ వంతులు అమ్మవి. ఈ ఇంటి నుంచి ఆ ఇంటికి ఆవిణ్ణి తిప్పారు" అన్నాను. "ఆవిడ మంచం ఇక్కడే ఉంచి, వంతులు మీరు తీసుకుంటే?"

మొట్టమొదట కదిలింది మంగళగిరి కోడలు. ఇంటి దగ్గర మగ్గాలవాళ్ళకు నూలు కండెలు చుట్టిపెట్టే మనిషి. "నా రాట్నం ఇక్కడికే తెచ్చుకుంటా అక్కా. నెలకు పది రోజులు నేనుంటా. కండెలు ఏడ చుట్టినా కండెలేగా" అంది. చిన్నకొడుకు శని, ఆదివారాలు తనవన్నాడు. అందరికన్నా ఆలస్యంగా నోరు విప్పింది ఆ ఇంటి పెద్దకొడుకే. తల్లితో ఒకే కప్పు కింద ఉంటూ, ఆవిడ పనంతా ఆడవాళ్ళదే అనుకున్న మనిషి. "మధ్యాహ్నం అన్నం నేను పెడతా. పొలం నుంచి ఎట్టాగూ వస్తా కదా" అన్నాడు. నెల తిరిగేసరికి అతను తల్లికి తల దువ్వి ముడి వేయడం కూడా నేర్చుకున్నాడు. ముడి ఎప్పుడూ కాస్త ఎడమకు ఒరిగి ఉండేది.

ఆశ్రమాల్లో పెట్టడం తప్పని నేను చెప్పడం లేదు. అదే సరైన దారి అయిన ఇళ్ళను తర్వాత చూశాను. ముందు ఆ గళ్ళు గీసి చూసుకోండి, ఆ తర్వాత ఏదైనా తేల్చుకోండి అంటాను, అంతే.

పిల్లలిద్దరికీ పరీక్ష పెట్టి, వయసుకు తగ్గ తరగతుల్లో చేర్చుకున్నాం. మొదటి రెండు నెలలు అమ్మాయి మధ్యాహ్నం ఇంటికి వెళ్ళేలా పైవాళ్ళకు రాసి అనుమతి తీసుకున్నాను. ఈసారి ఏ కాగితంలోనూ దాపరికం లేదు. వెనకబడిన సైన్సు, ఇంగ్లీషు చెప్పడానికి శనివారాలు నేనూ తెలుగు టీచరూ ఆ వసారాకే వెళ్ళేవాళ్ళం. తల్లి కూడా తన బడి మూసెయ్యలేదు. సాయంత్రాలు ఆ నల్లచెక్క ముందు తన పిల్లలతోపాటు పక్కిళ్ళ పిల్లలు కూడా చేరారు.

ఏప్రిల్‌లో ఏడో తరగతి పరీక్షలు మండలకేంద్రంలో. ఫలితం ముందే చెప్పేస్తాను. ఆ అమ్మాయి మా బడిలో రెండోదిగా పాసయింది. కానీ నేను చెప్పదలచుకున్నది మార్కుల సంగతి కాదు, లెక్కల పరీక్ష రోజు సంగతి.

ఆ రోజు వంతు మంగళగిరి కోడలిది. ఆమె కూతురికి అమ్మవారు పోసి, రాలేకపోయింది. పెద్దకొడుకు మిరపకాయల టిక్కీ బస్తాలు వేసుకుని గుంటూరు యార్డుకు వెళ్ళాడు. తల్లి ఇంకేం చేస్తుంది, కూతురితోపాటు అత్తగారిని కూడా ఆటోలో కూర్చోబెట్టుకుని వచ్చేసింది. కూతుర్ని లోపలికి పంపి, బడి గోడ పక్క వేపనీడలో దుప్పటి పరిచి ఆవిణ్ణి కూర్చోబెట్టింది. మా పిల్లల్ని తీసుకొచ్చిన నేనూ అక్కడే కూర్చున్నాను.

"మీకు పనుంటే చూసుకోండి మాస్టారూ."

"నాకిప్పుడు ఏ పనీ లేదమ్మా. కాసేపు నడుం వాల్చు. నేను చూసుకుంటాను."

"ఒకే మాట మళ్ళీ మళ్ళీ అడుగుద్ది. మీరు జవాబు మార్చబాకండి. మారిస్తే కంగారు పడుద్ది" అని చెబుతూ చెబుతూనే గోడకు ఆనుకుని నిద్రపోయింది. ఎన్నాళ్ళ నిద్రో. పక్కన లారీ హారన్ కొట్టినా కదల్లేదు.

"లోపల ఏం జరుగుతోందబ్బాయ్?" అంది పెద్దావిడ.

"మీ మనవరాలు లెక్కల పరీక్ష రాస్తోందండి."

"అట్టాగా." రెండు నిమిషాలు ఆగి, "లోపల ఏం జరుగుతోందబ్బాయ్?"

"మీ మనవరాలు లెక్కల పరీక్ష రాస్తోందండి."

నన్ను ఎరిగినవాళ్ళను అడగండి. ఒకే సందేహం రెండోసారి అడిగిన పిల్లవాణ్ణి నేను ఎంత చురుగ్గా చూసేవాడినో చెబుతారు. ఆ రోజు రెండున్నర గంటలసేపు అదే ప్రశ్న వచ్చింది. అదే జవాబు, అదే గొంతుతో, ఒక్క మాట మార్చకుండా చెప్పాను. మొదట్లో ఓపిక తెచ్చిపెట్టుకున్నాను. సగం దాటాక తెచ్చుకోవాల్సిన అవసరం లేకపోయింది. ఆవిడ అడగడం, నేను చెప్పడం, వేపపూత మీద పడుతుంటే ఆవిడ దులుపుకోవడం, అలా సాగిపోయింది.

ఆఖరి గంట కొట్టారు. పిల్లలు గోలగా బయటికొచ్చారు. అమ్మాయి అట్టముక్క చంకలో పెట్టుకుని పరుగున వచ్చి, తల్లి నిద్రపోతుండటం చూసి చప్పుడు చేయకుండా నిలబడింది. పెద్దావిడ ఆ పిల్లను ఎగాదిగా చూసింది. పేరు గుర్తు రాలేదని మొహంలోనే తెలుస్తోంది. ఏదో వెతుక్కుంటున్నట్టు కళ్ళు చికిలించి, చివరికి అడిగింది.

"లెక్కల పరీక్ష ఎట్టా రాశావే?"

అమ్మాయి నా వైపు చూసింది. ఏడాదికి పైగా ఆ నాయనమ్మ తనను తన సంగతి ఏదీ అడగలేదు. "బాగా రాశాను నాయనమ్మా" అంది. ఆ తర్వాత వంగి తల్లి భుజం తట్టింది. "అమ్మా, లే. నాయనమ్మ నన్ను పరీక్ష ఎట్టా రాశావని అడిగింది."

తల్లి ఉలిక్కిపడి లేచి, అత్తగారి మొహంలోకి చూసి, కూతురి మొహంలోకి చూసి, ఆ మాట ఇంకోసారి చెప్పించుకుంది. నేను పంచెకు అంటిన వేపపూత దులుపుకుని, మిగతా పిల్లల్ని పోగుచేయడానికి లేచాను.

ముప్పయ్యారేళ్ళలో నేను చెప్పిన పాఠాల్లో ఏది ఎవరి తలలో నిలిచిందో నాకు ఖాయంగా తెలియదు. వేపనీడలో చెప్పిన ఆ ఒక్కటి నిలవడం మాత్రం నా కళ్ళతో చూశాను.